వేలు పెట్టి చూపిన పిందె

పిందెల్ని వేలు పెట్టి చూపకూడదని నాకు తెలియక కాదు. మా వైపు పుట్టిన పిల్లలకి ఆ మాట నడక వచ్చేలోపే తెలుస్తుంది. గుమ్మడి కానీ, బీర కానీ, ఆనప కానీ, పిందె మీదికి చూపుడు వేలు చాచితే అది కుళ్ళి రాలిపోతుంది. చూపక తప్పకపోతే వేలిని కొక్కెంలా మడిచి కణుపుతో చూపాలి. పొరపాటున చాచినవాళ్ళు వెంటనే ఆ వేలిని కొరుక్కోవాలి. ఉక్కునగరంలో మా క్వార్టర్ వెనక పెరట్లో అమ్మ నా వేలిని ఎన్నిసార్లు మడిచిందో లెక్కలేదు. అయినా ఆ ఆదివారం, పెందుర్తిలో ముక్కూ మొహం తెలియని ఒకావిడ మేడ మీద, అందరూ చూస్తుండగా నేను వేలు చాచాను.

అసలు ఆ రోజు వెళ్ళాల్సింది నేను కాదు, మా మేనత్త. నేను సీతమ్మధారలో ఆవిడ ఇంట్లో ఉంటూ, దగ్గర్లోనే ఒక ల్యాబులో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేస్తాను. అత్త మేడ నిండా చేపల మార్కెట్టు నుంచి తెచ్చుకున్న తెల్లటి థర్మోకోల్ పెట్టెలు; వాటిలో వంగ, టమాటా, గోంగూర. ఇలా మేడ మీద పెంచుకునేవాళ్ళకి ఊళ్ళో ఒక గ్రూపు ఉంది. నెలకోసారి ఇద్దరు ముగ్గురు తమ మేడల్ని మిగతావాళ్ళకి చూపిస్తారు. వెళ్ళేవాళ్ళు వ్యాను మాట్లాడుకుంటారు. తమ దగ్గర ఎక్కువైన గింజల్ని పొట్లాలు కట్టి పట్టుకెళ్ళి, అక్కడివి తెచ్చుకుంటారు. అత్త ఒక్క నెల కూడా మానేది కాదు. ఆ నెల మాత్రం నీళ్ళ బకెట్టుతో మేడమెట్లు దిగుతూ కాలు మడతపడి, చీలమండకి కట్టు కట్టించుకుని కూర్చుంది.

“నువ్వెళ్ళు,” అంది. నా మొహం చూసి, “నిన్నేటి ఉపన్యాసం ఇమ్మంటన్నానా? నోరిప్పక్కర్లేదే. పొట్లాలిచ్చి పొట్లాలు పుచ్చుకుని రా,” అని కూడా అంది.

నోరు విప్పక్కర్లేదన్న ఆ హామీ మీదే నేను వ్యాను ఎక్కాను.

తెలియని వాళ్ళ ఇంటికి వెళ్ళడమంటే నాకు మొదటి భయం చెప్పుల దగ్గర మొదలవుతుంది. గేటు దగ్గర విప్పాలా, మెట్ల దగ్గర విప్పాలా, మేడ మీద విప్పాలా? ముందువాళ్ళు ఏం చేస్తారో చూసి నేనూ అదే చేస్తాను. అందుకే ఎప్పుడూ చివర నడుస్తాను. మొదటి రెండు ఇళ్ళలోనూ అలాగే గడిచింది. అందరికంటే పొడుగ్గా ఉన్నావిడ వెనక నిలబడ్డాను. మజ్జిగ ఇస్తే తాగాను. బయల్దేరేటప్పుడు చెప్పడానికి “చాలా బాగుందండీ” అన్న మాటని లోపల రెండు మూడుసార్లు అనుకుని సిద్ధంగా పెట్టుకున్నాను. నా వంతు వచ్చేసరికి ఇంటావిడ వేరేవాళ్ళతో మాట్లాడుతుండటంతో ఆ మాట కూడా మిగిలిపోయింది. సంచిలో నవల ఉంది. వ్యానులో తీసి చదువుకుందామనుకున్నాను కానీ, చదివితే పొగరనుకుంటారేమోనని తీయలేదు.

పెందుర్తి ఇల్లు ఆఖరిది. రెండంతస్తుల మీద మేడ. ఇంటావిడకి అరవై దగ్గర పడి ఉంటాయి. గోళ్ళ సందుల్లో మట్టి, భుజం మీద తుండుగుడ్డ. అంతకు ముందు చూసిన మేడల్లో కుండీలకి రంగులు వేసి, మొక్కల పేర్లు రాసి పెట్టారు. ఇక్కడ అలాంటివేమీ లేవు. ఆవిడ ఒక్కో మొక్క దగ్గర ఆగి, దాన్ని ఎవరింటి నుంచి తెచ్చిందో చెప్పేది, చుట్టాల్ని పరిచయం చేస్తున్నట్టు. మేడకి పడమటి మూల పాత నవారు మంచం పైపులు నిలబెట్టి, వాటి మీద చిరిగిన చేపల వల పరిచి పందిరి వేశారు. ఆ పందిరంతా అల్లుకుని ఉంది ఆనప పాదు.

అక్కడ ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. అది తన పుట్టింటి ఆనప అని చెప్పింది. బజార్లో దొరికే పొడుగు కాయ కాదు. పొట్టి మెడ, కుండలాంటి పొట్ట. శ్రీకాకుళం దగ్గర పల్లెలో వాళ్ళమ్మ ఏటా పశువుల పాక మీదికి పాకించేదట. వాళ్ళమ్మ పోయాక, అటక మీద ఉప్పు వేసుకునే ఆనపబుర్ర వెనక ఒక గుడ్డమూట దొరికింది. అందులో గింజలు చాలావరకు పుచ్చిపోయాయి. మిగిలినవన్నీ నాటితే ఒక్కటే మొలిచింది. ఊళ్ళో ఆ రకం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. అడిగి చూసింది.

“రెండు పిందెలు ముందే రాలిపోనాయి. ఇగో, ఇదొక్కటీ నిలిసింది,” అంది. ఆకు కింద బొటనవేలంత పిందె. ఒళ్ళంతా సన్నటి నూగు, కొసన వాడిన తెల్లపువ్వు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని కోయదట. పాదు మీదే ముదిరి, ఎండి, బుర్ర అయ్యేదాకా ఉంచి, ఆ గింజలే తన చెల్లెళ్ళకీ, గ్రూపులో అందరికీ పంచుతానని చెప్పింది. మా అత్తకి కూడా ఇస్తానని మాటిచ్చిందట. “మా యమ్మ సేతిది అది. మరి నేదు,” అంది.

గ్రూపు నడిపేది ఒక రిటైరైన టీచర్‌గారు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆవిడ వీడియో తీస్తారు. ఆ రోజు పందిరి కింద తిరుగుతూ ఒక్కొక్కరినీ అడుగుతున్నారు, మీకేది నచ్చింది, మీకేది నచ్చిందని. పొడుగావిడ పక్కకి తప్పుకోవడంతో ఫోను సరిగ్గా నా మొహానికి ఎదురుగా వచ్చింది.

“ఏమ్మా, పొద్దుట్నించి నీ గొంతే వినలేదు. నీకేది నచ్చింది?”

ఆనప పాదు అని చెప్పాలి. అంతే. ఆ రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి. ఫోను వెనక ఆవిడ నవ్వుతూ ఎదురుచూస్తున్నారు. ఎదురుచూసేకొద్దీ నా చెవులు వేడెక్కాయి. నోరు రాకపోతే చెయ్యి వస్తుంది. నా చెయ్యి లేచి, వేలు సూటిగా ఆ పిందె వైపు సాగింది. ఎంత దగ్గరగా అంటే, ఇంకొంచెం ఉంటే దాని నూగు తగిలేది.

“అయ్యో, వేలు, వేలు! మడువమ్మా!” అన్నారు టీచర్‌గారు, వీడియో ఆపకుండానే.

వెనక నుంచి ఎవరో కొరుక్కోమన్నారు. ఇంకెవరో ఈ కాలం పిల్లలకి ఏం తెలుసన్నారు. అందరూ నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు. నేను వేలిని గుప్పిట్లో దాచుకున్నాను కానీ, కొరుక్కోలేదు. ఫోను ఇంకా నా వైపే ఉంది. నోట్లో వేలు పెట్టుకున్న బొమ్మ గ్రూపంతా తిరుగుతుందని భయం వేసింది.

ఇంటావిడ నవ్వలేదు, కోప్పడలేదు. “ఒగ్గీండి, ఏటవుద్ది,” అంది మెల్లగా, వదిలేయమన్నట్టు. అంటూనే ముందుకి వచ్చి, పిందెకీ మనుషులకీ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టింది. తనకి తెలియకుండానే పెట్టిందనుకుంటాను. తిట్టినా నేను మర్చిపోయేదాన్నేమో. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

వ్యానులో కిటికీ వైపు తిరిగి, చేతిరుమాలు చాటున ఆ వేలిని కొరుక్కున్నాను. మట్టి రుచి తగిలింది. అప్పటికే ఆలస్యమైపోయిందని కూడా తెలుసు.

*

మర్నాటికల్లా వీడియో గ్రూపులోకి వచ్చింది. అత్త కాలు స్టూలు మీద చాపుకుని చూస్తూ, నేను ల్యాబు నుంచి రాగానే ఫోను నా మొహం మీదికి తిప్పింది. సరిగ్గా నా వేలు పిందె మీదికి వెళ్ళిన చోట ఆపింది.

“చూశావా, నీ ఏలు ఫేమస్ అయిపోయింది,” అంది. “నోరిప్పకుండా ఒక్క ఏలే పంపించావు సినిమాలోకి.”

నేను నవ్వాననే అనుకుంటాను. అత్తకి అది ఒక పూట సరదా. ఆ తర్వాత మర్చిపోయింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఇంకో పని మొదలైంది. పెందుర్తి ఆంటీ రోజూ పొద్దున్నే గ్రూపులో ఒక ఫోటో పెడుతుంది: పువ్వో, పచ్చిమిర్చో, గూడు కట్టిన పిట్టో. కాఫీ ఇచ్చే నెపం మీద అత్త ఫోను తీసి ఆ ఫోటో కోసం చూసేదాన్ని. రెండు రోజులు మందారాలు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. ఇంకో రోజు కూడా ఏమీ రాలేదు.

ల్యాబులో మా అద్దాల కిటికీకి ఎదురుగా రిపోర్టుల కోసం జనం కూర్చుంటారు. చేతిలో చీటీ నలుపుకుంటూ, తలుపు చప్పుడైతే చాలు మొహం ఎత్తి చూస్తారు. వాళ్ళ మొహాలు చూడకుండా ఉండటానికే నేను తెర మీద కళ్ళు పెట్టుకుని పని చేస్తాను. ఆ వారం నాకూ అదే మొహం వచ్చిందని బాత్రూం అద్దంలో చూసి గుర్తుపట్టాను. ఒక పిందె కోసం. ఎవరితోనైనా చెబితే నవ్విపోతారు.

నేను నమ్ముతానా? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. వేలికి అంత శక్తి ఉంటే ప్రపంచంలో ఎన్నో పనులు అయ్యేవని నాకు తెలుసు. తెలిసినా టైపు చేసేటప్పుడు ఆ వేలి వంక చూడకుండా ఉండలేకపోయాను. భోజనాల వేళ ఆనప గురించి దొరికినదంతా చదివాను. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. తెల్లారేసరికి వాడిపోతుంది. చీకట్లో తిరిగే రెక్కల పురుగులు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకి చేర్చాలి. చేర్చకపోతే ఆడపువ్వు కింద ఉన్న పిందె నాలుగైదు రోజులు నవనవలాడుతూ కనిపించి, తర్వాత కొస నుంచి పసుపెక్కి రాలిపోతుంది. నేను వేలు పెట్టేనాటికే దాని పువ్వు వాడి ఉంది. అంటే దాని సంగతి ముందే తేలిపోయింది. ముందు రాలిన రెండూ అలాగే రాలి ఉంటాయి.

చదివినప్పుడు గుండె తేలికపడింది. ఆ తేలికదనం చూసి సిగ్గు కూడా వేసింది. ఈ సంగతి ఆంటీకి రాయాలి; పాదుకి ఇంకా పూలు రావచ్చు. కానీ ఎలా రాసినా, “నా తప్పేం లేదు” అని చెప్పుకుంటున్నట్టే ఉంది. అత్త ఫోనులో రాశాను, చెరిపేశాను. మళ్ళీ రాశాను. అత్త పిలిచింది, చెరిపేశాను.

ఆ లోపలే ఆవిడ దగ్గర నుంచి ఫోను వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. హాల్లో అత్త “అయ్యో, అలగా”, “మరే” అంటోంది. తర్వాత “పంపిత్తానండి, దానికేటి” అంది. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

పిందె రాలిపోయింది. కొస పసుపెక్కి, ముట్టుకుంటే ఊడి వచ్చిందట. నన్ను ఒకసారి రమ్మంటోంది. ఎందుకని అడిగితే వచ్చాక చెబుతానందట.

“నువ్వు కూడా రా అత్తా,” అన్నాను.

“ఈ కాలేసుకుని ఆ మేడ ఎలగెక్కుతానే? ఆవిడేటి నిన్ను కొరుకుద్దా? ఎళ్ళిరా. రేపు నీకు సగం పూటే కదా డ్యూటీ.”

*

పెందుర్తి బస్సులో కూర్చున్నంతసేపూ క్షమించమని ఎలా అడగాలో రకరకాలుగా అనుకున్నాను. ఆకాశం బూడిద రంగులో ఉంది. వాయుగుండం ఉందనీ, పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారనీ కండక్టరు ఎవరితోనో అంటున్నాడు. ఆవిడ ఏమంటుందోనన్న భయం ఒకటి. అంతకు మించి, ఏమీ అనకుండా రాలిన పిందెని తెచ్చి చూపిస్తుందేమోనన్న భయం.

తలుపు తీసింది ఆవిడ భర్త. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. నన్ను పైనుంచి కిందికి చూసి, “ఈ అమ్మాయేనేటి?” అన్నారు లోపలికి వినబడేలా. “ఏలు సూత్తే అంత బలంగా నేదే. ముప్పయ్యేళ్ళు క్రేను తిప్పినాను, నానెప్పుడూ ఒక్క బరువూ పడెయ్యనేదు.”

“మీరు ఊరుకోండి. పిల్లగుంట బెదిరిపోద్ది,” అంటూ ఆంటీ వచ్చి నన్ను మేడ మీదికి తీసుకెళ్ళింది. చెప్పులు ఎక్కడ విప్పానో కూడా గుర్తులేదు.

పాదు వారం కిందటిలా లేదు. మొదలు దగ్గరి ఆకులకి బూడిద పట్టినట్టు తెల్లటి మచ్చలు. అయినా పందిరి కొసన, వలలోంచి కిందికి వేలాడుతూ ఒక మొగ్గ ఉంది. మొగ్గ కింద చిన్న పిందె. పక్క తీగల మీద సన్నటి పొడుగు కాడలతో నాలుగైదు మగమొగ్గలు. ఆంటీ ఆ మొగ్గని నాకు చూపించింది. తనూ వేలు మడిచే చూపించింది.

“చలి పడిపోతంది. పాదు ముదిరిపోనాది. మరి ఇదే ఆఖరేమో,” అంది. కాసేపు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంది. “ఏటనుకోకమ్మీ. మా యమ్మ సెప్పీది. ఏలు సూపినోళ్ళే వచ్చి, ఆ సేత్తోనే పాదు మొదట్లో నీళ్ళు పోత్తే, తరవాత కాసింది నిలుత్తాదంట. నాను నమ్ముతానని కాదు. నమ్మనని కూడా సెప్పలేను.”

ఇందుకా పిలిచింది. నీళ్ళు పోయడం ఎంతసేపు? చెంబు అక్కడే ఉంది. పోసేసి, టీ తాగి, బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. ఆవిడ మనసు కుదుటపడుతుంది. కానీ ఈ పువ్వు కూడా అలాగే వాడితే, నేను నీళ్ళు పోసినా నిలవలేదని ఆవిడ అనుకుంటుంది. అప్పటికి వాళ్ళమ్మ గింజ ఉండదు. నాకు తెలిసిన ఒక్క సంగతి నా నోట్లోనే ఉండిపోతుంది.

చెంబు తీసుకున్నాను. పాదు మొదట్లో నీళ్ళు పోశాను. పోసి, లేవకుండా అక్కడే గొంతుక్కూర్చుని మట్టిని చూస్తూ అన్నాను:

“ఆంటీ, పువ్వు సాయంత్రమే విచ్చుకుంటుంది కదండీ.”

“అవును మరి.”

“మగపువ్వులోని పుప్పొడి దీనికి అంటాలి. రాత్రి పురుగులు అంటిస్తాయి. మీ మేడ మీదికి అవి వస్తాయా?”

ఆవిడ పందిరి అంచు దాకా వెళ్ళి బయటికి చూసింది. పక్కింటి వాళ్ళ మేడ మీద పెద్ద తెల్ల దీపం అప్పటికే వెలుగుతోంది.

“మా యమ్మ పాక మీద ఎవులంటించీవోరు?” అంది చివరికి. “దానంతటదే కాసీది. నానేటి ఆనప ఎరగనిదాన్నా?”

గొంతులో నొచ్చుకున్న జీర. ఎక్కడ ఆపాలో తెలియని మాట మొదలుపెట్టాను. లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. కానీ మొగ్గ ఎదురుగా ఉంది. దాని మడతల్లోంచి తెలుపు అప్పుడే కొద్దిగా బయటికి వస్తోంది.

“పల్లెలో చీకటి ఉంటుందండీ. పక్కన తోటలుంటాయి, పురుగులుంటాయి. ఇక్కడ ఇంత పైన… ముందు రాలిన రెండూ కూడా కొస నుంచే పసుపెక్కాయా?”

ఆవిడ నా వంక చూసింది. పిందెల్ని గుర్తుచేసుకుంటున్నట్టుంది. “కొస నుంచే,” అంది.

వచ్చి నా పక్కన తనూ గొంతుక్కూర్చుంది. వెలుతురు తగ్గేకొద్దీ మొగ్గ విప్పుకుంది, తడిసి ఆరిన నూలుగుడ్డలా నలిగిన తెల్లటి రేకులతో. మగపువ్వులూ ఒకటి రెండు విచ్చాయి. నేను ఒకదాన్ని కాడతో తుంచి, రేకులు వలిచాను. మధ్యలో పుప్పొడి మెత్తగా ఉంది. దాన్నే ఆడపువ్వు నడిమి భాగానికి రాయబోతే, ఆంటీ నా మణికట్టు పట్టుకుంది.

“అలగ్గాదు. ఆ ఏలికి రాసుకో. సూపిన ఏలితోనే పెట్టు.”

రాసుకున్నాను. పుస్తకాల్లో బ్రష్షుతోనో పువ్వుతోనో అంటించమని ఉంది. వేలితో అని ఎక్కడా చదవలేదు. ఏ మాత్రం గట్టిగా నొక్కినా లోపలి కీలాగ్రం విరిగిపోతుందేమోనని రెండో చేత్తో పువ్వు కాడని ఆనించి పట్టుకున్నాను. వారం రోజులుగా దాచుకుంటున్న వేలిని మళ్ళీ చాచి, ఆవిడ కళ్ళముందే ఆ పువ్వు లోపలికి పెట్టాను. మెత్తగా, కాస్త జిగటగా తగిలింది. చుట్టూ మెల్లగా అద్ది వెనక్కి తీశాను. వేలి కొసన ఇంకా పొడి మిగిలే ఉంది. దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే మొదటి చినుకు పడింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాన పువ్వులోకి వెళితే పెట్టినదంతా కడుక్కుపోతుంది. ఆంటీ మెట్ల దగ్గరికి పోయి భర్తని కేకేసింది. ఆయన నల్ల గొడుగు పట్టుకుని వచ్చారు. మేం చేతుల్తో పువ్వుకి చాటు పెడితే, ఆయన గొడుగుని పందిరి పైపులకి ఎక్కడ కట్టాలో చూసుకుని, నైలాను తాడుతో నాలుగు వైపులా లాగి బిగించారు. “ఓడల్లోకి ఎన్ని టన్నులు దింపినానో. రిటైరయ్యాక పువ్వుకి గొడుగు కడతన్నాను,” అన్నారు. కట్టాక గొడుగుని ఒకసారి ఊపి చూశారు. కదల్లేదు.

నేను తడుస్తూ బస్టాపుకి పరిగెత్తాను.

*

ఆ రాత్రి అంతా వాన. తర్వాత రోజుల్లో అత్త ఫోను ముట్టుకోవడానికే నాకు ధైర్యం చాలలేదు. మాట్లాడకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడు ఈ పిందె కూడా రాలితే వేలితో పాటు నా తెలివితేటలు కూడా అందులో ఉంటాయి. నీళ్ళొక్కటే పోయించుకుంటే నిలిచేదేమో, పిల్ల పువ్వుని కెలికింది అని ఆవిడ అనుకోవచ్చు. అనుకోవడంలో తప్పులేదు.

ఫోటో గ్రూపులోకి రాలేదు. అత్తకి విడిగా వచ్చింది. అత్త చూసి ఫోను నా చేతిలో పెట్టింది. పిందె కాడ కిందికి వంగి, నిమ్మకాయంత అయింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది. కొసన పువ్వు ఎండి రాలిపోయిన చోట చిన్న మచ్చ. కింద ఆంటీ రాసింది: ఎవులికీ సూపొద్దు.

అది ఎదిగినన్నాళ్ళూ ఆవిడ దానికి పాత జాకెట్టు గుడ్డ చుట్టి ఉంచిందని తర్వాత తెలిసింది. తర్వాతి నెలల్లో గ్రూపువాళ్ళు వస్తామన్నా, ఇంకా వద్దందట. నేను సంతోషపడ్డానని చెప్పలేను. కోతుల గుంపు తిరుగుతోందని విన్నప్పుడల్లా, గాలి గట్టిగా వీచినప్పుడల్లా, ఆ మేడే గుర్తుకొచ్చేది. డైరీలో ఆ రోజుల పేజీల్లో నా గురించి దాదాపు ఏమీ లేదు. వాతావరణం ఉంది.

చలి తగ్గి, అత్త కాలు బాగుపడ్డాక ఇద్దరం పెందుర్తి వెళ్ళాం. పాదు అప్పటికే ఎండిపోయింది. వల మీద తీగలు తాళ్ళలా మిగిలాయి. కాయని కోసి, కొన్నాళ్ళు నీడలో ఆరబెట్టి, మేం వచ్చేదాకా కదిపి చూడకుండా ఉంచిందట ఆంటీ. పొట్టి మెడ, కుండలాంటి పొట్ట, గోధుమరంగు. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

చప్పుడు లేదు.

మళ్ళీ ఊపింది. ఏమీ లేదు. ఆవిడ మొహంలో రంగు పోయింది. లోపల గింజలు పట్టకపోతే అంతే, పైకి ఎంత బాగా ఎండినా వట్టి బుర్ర. నేను నా వేలిని రెండో చేతిలో పట్టుకున్నాను.

“లోన గుజ్జుకి అంటుకుని ఉంటాదే,” అన్నారు ఆయన. కాయ పుచ్చుకుని, అరచేత్తో దాని పొట్ట మీద చుట్టూ గట్టిగా తట్టారు. తిరిగి ఆవిడకి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. పందిరి పైపుకి ఆనుకుని కూర్చుండిపోయింది.

“నాకు బయ్యమేత్తంది. నువ్వు సూడమ్మీ,” అంది నాతో.

నాకు మాత్రం భయం లేదా? కింద పడేస్తానేమోనని రెండు చేతులూ చాచి తీసుకున్నాను. అంత కాయ అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. ఊపడానికి నాకు చేతులు రాలేదు. ఊరికే పట్టుకుని నిలబడ్డాను. నా చేతులు వణుకుతున్నాయి, అంతే. ఆ వణుకుకే లోపల ఏదో జారింది. ఒకటి, దాని వెనక ఇంకొకటి, తర్వాత గుప్పెడు, ఎండు గింజలు గోడకి తగులుతూ గలగలమన్నాయి.

ఆంటీ తల ఎత్తింది.